మాత్రలు మానేసి చెప్పిన సాక్ష్యం

గత వారం నా ఆఖరి మాత్రల అట్ట ఖాళీ అయింది. ఛాతీ ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ "ఇంక మీరు రానక్కర లేదు" అంది. ఇంతకుముందైతే ఇలాంటి మాట వినగానే ఆదివారం చర్చిలో లేచి చేతులెత్తి చెప్పేవాణ్ణి. ఈసారి ఇంటికొచ్చి నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. నా నోటి మీద నాకే నమ్మకం పోయింది. అందుకే రాస్తున్నాను.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పని చేస్తాను. ఇల్లు తార్నాకలో. మాది నల్గొండ వైపు వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. ఇక్కడ ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్ స్నేహితుల ప్రార్థన గుంపులో క్రీస్తును నమ్ముకున్నాను. నా భార్య సుహాసినిది గుంటూరు దగ్గర ఊరు. వాళ్లు నాలుగు తరాలుగా క్రైస్తవులు. ఆమెకు ఆదివారం ఆరాధన, రోజూ ఇంట్లో ప్రార్థన, చాలు. నాకు చాలేది కాదు. సాయంత్రాలు క్యాంపస్‌లో విద్యార్థులను కూర్చోబెట్టి వాక్యం చెప్పేవాణ్ణి. "దేవునికి సగం ఇస్తే తీసుకోడు, పూర్తిగా ఇయ్యాలె" అని ఆమెను దెప్పేవాణ్ణి. ఆమె కూరగాయలు తరుగుతూనే "నా మిగతా సగం కూడా మీరే ఇచ్చేయండి, మీకు ఓపికెక్కువ" అనేది. చర్చిలో అందరూ నన్ను ప్రార్థనాపరుడు సుధాకర్ అనేవాళ్లు. ఆ మాట వినడం నాకెంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

జూలై, ఆగస్టు

ఎండాకాలంలో దగ్గు మొదలైనప్పుడు పాత పుస్తకాల దుమ్ము అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. బెల్టుకు ఒక బెజ్జం కొట్టించాను, తర్వాత ఇంకొకటి. రెండో బెజ్జం చూసి సుహాసిని తను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి నన్ను దవాఖానకు ఈడ్చుకెళ్లింది.

అక్కడి బెంచీల మీద కూర్చున్న వాళ్లెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మా యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే ఒకాయన నాకు రెండు బెంచీల అవతల కూర్చున్నాడు. నేను ఆయన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు, ఇద్దరం గోడ మీది పోస్టరు చదవడం మొదలుపెట్టాం. నా పక్కనున్న గోల్నాక ముసలాయన ఒక్కడే పలకరించాడు. "కొత్తగ వచ్చినవా? గోలీ ఏసుకున్నంక జర ఆగి అరటిపండు తిను. కడుపుల తిప్పుడు తగ్గుతది" అన్నాడు. డాక్టరు చెప్పకముందే నాకొచ్చింది టీబీ అని ఆయన తేల్చేశాడు. ఆయన తేల్చిందే నిజమైంది.

మా పాప జెస్సీకి తొమ్మిదేళ్లు. దానికీ పరీక్షలు చేశారు. జబ్బు లేదన్నారు గాని ముందుజాగ్రత్తకని మందు రాశారు. నా దగ్గు వల్ల అది పొద్దున్నే ముఖం చిట్లించి మాత్ర మింగాల్సి వచ్చింది. కొన్ని వారాలు నేను వేరే గదిలో ఉన్నాను. అది గుమ్మం దగ్గర నిలబడి స్కూల్లో వేసిన బొమ్మలు చూపించి వెళ్లేది.

ఇక ఆ మాత్రలు. పరగడుపున వేసుకోవాలి. వేసుకున్న గంటకు కడుపులో దేవినట్టుండేది, నోరంతా చేదు, మూత్రం నారింజ రంగు. నాకు ప్రాణమైన పాత పుస్తకాల వాసనకే వాంతి వచ్చేది. అయినా వేసుకున్నాను. రెండు నెలలకు దగ్గు పోయింది, అన్నం రుచి తెలిసింది. ఇంకా నాలుగు నెలలు వాడాలన్నారు.

సెప్టెంబర్

మా చర్చిలో ఏటా సెప్టెంబర్‌లో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. సూర్యోదయం నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టం. సాయంత్రం అందరం చర్చిలో చేరి, ప్రార్థన చేసి, అక్కడే వండిన ఉప్మాతో ఉపవాసం విడుస్తాం. చివరి ఆదివారం సాక్ష్యాలు. ఈ ఇరవై ఒక్క రోజుల్లో దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరు లేచి చెప్తారు.

ఏడేళ్లుగా నేను ఒక్క రోజు కూడా తప్పలేదు. "ఈసారి వద్దు బ్రదర్, ఆరోగ్యం చూసుకోండి" అని పాస్టర్ గారు చెప్పారు. సుహాసిని చెప్పింది. క్లినిక్‌లో అడగనే లేదు, ఏమంటారో తెలుసు గనక.

పొద్దున్నే మాత్రలు మింగి రోజంతా ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే ఏమవుతుందో మూడు రోజులు చూశాను. లైబ్రరీలో ఉన్నపళంగా లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. నాలుగో రోజు మాత్రలు వేసుకోలేదు. కడుపు చల్లగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను.

జరిగింది అంతే. దర్శనం లేదు, స్వరం లేదు, ఏ వాక్యమూ గుండెకు తగలలేదు. వాంతులు భరించలేక మందు మానేశాను. ఇది స్పష్టంగా రాయాలనే ఈ నోటుబుక్కు తెరిచాను.

సుహాసిని అట్ట చూస్తుందని రోజూ మాత్రలు విప్పి, కాగితంలో చుట్టి, లైబ్రరీ వెనక చెత్తడబ్బాలో వేసేవాణ్ణి. క్లినిక్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి "సార్, గోలీలు ఏసుకుంటున్నరా?" అని అడిగేది. "ఏసుకుంటున్నమ్మా, థ్యాంక్స్" అనేవాణ్ణి. ఉపవాసంలో ఉండి, పెదాలు ఎండిపోయి, ఆ నోటితోనే అబద్ధం చెప్పేవాణ్ణి.

దగ్గు మళ్లీ రాలేదు. అది రెండు నెలల మందు చలవ. నాకు మాత్రం పదో రోజుకల్లా వేరే ఆలోచన మొదలైంది. దేవుడు ముట్టి బాగుచేసి ఉంటాడేమో అనుకున్నాను. పదిహేనో రోజుకు ఆ 'ఏమో' పోయింది. చివరి ఆదివారానికి అది నాకు ఖాయమైన సంగతి. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఒకరి కోర్టు కేసు కొట్టేశారు, ఒకరి అబ్బాయి తాగుడు మానేశాడు. నా వంతు వచ్చింది. అందరూ నావైపు తిరిగారు, ప్రార్థనాపరుడు గనక.

"ప్రభువుకు స్తోత్రం. నాకు టీబీ అన్నరు. పద్దెనిమిది రోజులుగా ఒక్క మాత్ర వేసుకోలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. పూర్ణ హృదయంతో ఆయన మీద ఆనుకుంటే చాలు, ఆయన విడిచిపెట్టడు" అన్నాను.

చప్పట్లు, ఆమెన్‌లు. ఆడవాళ్ల వైపు చూశాను. సుహాసిని తల వంచుకుని ఉంది. నేను మందు మానేసిన సంగతి ఆమెకు అప్పుడే, అందరితో పాటే తెలిసింది.

బయటికి రాగానే రత్నమ్మక్క నా రెండు చేతులూ పట్టుకుంది. క్యాంపస్‌లో హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది, ఇల్లు అడిక్‌మెట్‌లో. నేను హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ నన్నెరుగును. "బిడ్డా, నీకున్నంత విశ్వాసం నాకు గూడ ఉంటే ఎంత మంచిగుండు" అంది. ఆమెకు బీపీ ఉందని, ఏళ్లుగా మందు వాడుతుందని నాకు తెలుసు. తెలిసీ "అడుగు అక్కా, ఆయన ఇస్తడు" అన్నాను.

ఇంటి గేటు తీస్తూ సుహాసిని అంది: "నాకు తెలియకుండా చెత్తలో పారేశారు. అందరి ముందూ దేవుడి పేరు చెప్పారు. మా ఇంట్లో నాలుగు తరాల్లో ఎవరూ ఇంత భక్తి చేయలేదండీ."

"నీకు విశ్వాసం లేదు. నాకు మంచిగనే ఉన్నది" అన్నాను.

"పాపకు కూడా మంచిగానే ఉండాలి కదా" అని లోపలికి వెళ్లిపోయింది. మరుసటి రోజు నుంచి మళ్లీ మందు మొదలుపెట్టవచ్చు. కానీ అంతమంది ముందు చెప్పిన తర్వాత మళ్లీ ఎలా మింగను? మింగితే నేను చెప్పింది ఏమవుతుంది? దాన్నే విశ్వాసం అనుకున్నాను.

నవంబర్

మొదటి వారంలో జ్వరం తిరిగొచ్చింది. లైబ్రరీలో పుస్తకాల బండి తోస్తుంటే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలులో నెత్తురు. అక్కడే ర్యాకుల మధ్య నేల మీద కూర్చుండిపోయాను. దేవుడు గుర్తుకు రాలేదు, చర్చి గుర్తుకొచ్చింది. వాళ్లకు తెలిస్తే ఎలా అన్నదే నా మొదటి ఆలోచన.

ఈసారి చూసిన డాక్టరమ్మ ముస్లిం. పాత కాగితాలు తిప్పి "ఎందుకు ఆపిండ్రు?" అని అడిగింది. ప్రార్థన చేసుకున్నానని గొణిగాను. తిడుతుందనుకున్నాను. ఆమె పెన్ను కింద పెట్టి "మా అబ్బాకు షుగర్. రంజాన్‌ల రోజా ఉండొద్దంటే ఇంటడా? నా తోటే కొట్లాడుతడు. దేవుని తోటి మీ మాటలు మీరు మాట్లాడుకోండి సార్. గోలీలు మాత్రం నన్ను అడగకుండ ఆపకండి" అంది. ఆ నెలంతటిలో నాతో అంత మెత్తగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

మధ్యలో మానేసినందుకు పాత మందు పనిచేస్తుందో లేదో పరీక్షకు పంపారు. జెస్సీకి మళ్లీ పరీక్షలు. ఫలితాలు వచ్చేదాకా సుహాసిని నాకు అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట్లాడేది కాదు. నేను దవాఖాన బెంచీ మీద కూర్చుని పాప మాత్రం బాగుండాలని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఆ ప్రార్థనలో ఒక్క పెద్ద మాట కూడా లేదు. పాపకు ఏమీ లేదన్నారు. నాకు పాత మందే పనిచేస్తుందన్నారు, మొదటి నుంచి మళ్లీ ఆరు నెలలు.

పాస్టర్ గారు ఫోన్ చేస్తే "టైఫాయిడ్ అని చెప్పు" అని సుహాసిని చేతికిచ్చాను. ఆమె అలాగే చెప్పింది. ఫోన్ పెట్టేసి "చిన్నప్పటి నుంచి పాస్టర్ అయ్యగారితో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నేను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

డిసెంబర్

రత్నమ్మక్కకు పక్షవాతం వచ్చింది. మెస్సులో చపాతీ ఒత్తుతూ పడిపోయిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి వంకర పోయింది. సుహాసిని చూడడానికి వెళ్లొచ్చింది. వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడింది.

"సెప్టెంబర్ నుంచి ఆవిడ బీపీ మాత్రలు మానేసిందటండీ. మీ సాక్ష్యం విన్నాక."

నేను మంచం మీది మాత్రల అట్ట పక్కకు జరిపాను.

"ఇప్పటికీ వేసుకోవట్లేదు. కూతురు కాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. సుధాకర్‌కు తగ్గింది, నాకు తగ్గలేదు, నా హృదయమే పూర్తిగా లేదు, ఇప్పుడు మాత్ర మింగితే ఉన్న కాస్త విశ్వాసం కూడా పోతుంది అంటోంది. ఇంకోసారి వస్తే మనిషి దక్కదని డాక్టర్లు చెప్పారట. మీరు వెళ్లి నిజం చెప్పండి."

"నాది అంటుకునే జబ్బు. డాక్టరమ్మ సరేనన్నంక పోత" అన్నాను.

ఆ మాట నిజమే. కానీ నా జేబులో ఫోన్ ఉంది. ఆమె కూతురు సునీత నంబరు కూడా ఉంది. మూడు వారాలు నేను ఆ ఫోన్‌లో వార్తలు చదివాను, వాక్యాలు విన్నాను, క్యాంపస్ పిల్లలకు ప్రార్థన విషయాలు పంపాను. ఆ ఒక్క నంబరు నొక్కలేదు. ఆ మూడు వారాల్లో ఏ పూటైనా ఆమె పోయి ఉండవచ్చు. టీబీ నా తప్పు కాదు. మాత్రలు మానేయడం పిరికితనం. కానీ ఆ మూడు వారాలకు ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. రోజూ సుహాసిని "చెప్పారా?" అని అడిగేది. క్రిస్మస్ తర్వాత అడగడం మానేసింది.

జనవరి

నా వల్ల ఇతరులకు ఇక ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజే అడిక్‌మెట్ వెళ్లాను, మాస్కు పెట్టుకుని. ఒకే గది. మంచం మీద రత్నమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సునీత పక్కన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూడగానే అక్క వంకర పోయిన మూతితోనే నవ్వింది.

"టైఫాయిడ్ తగ్గిందా బిడ్డా?"

"టైఫాయిడ్ గాదక్కా. టీబీనే. తగ్గలే. నెత్తురు వడ్డది. మళ్ల గోలీలు ఏసుకుంటున్న, రోజూ."

ఆమెకు అర్థం కాలేదు. "మరి సాక్ష్యం?"

"అబద్ధం చెప్పిన. దేవుడు నన్ను మందు బంద్ చెయ్యమనలే. వాంతులైతున్నయని నేనే బంద్ చేసిన. మంచిగ కనవడాలని దేవుని మీద వెట్టి చెప్పిన."

సునీత చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. అక్క మెల్లగా, ఒక్కో మాట కూడదీసుకుని అడిగింది: "అయితే… నా విశ్వాసం తక్కువై గాదా?"

"గాదక్కా."

ఆమె ఏడ్చింది. ఎడమ చేత్తో కొంగు అందుకోలేకపోతే సునీత తుడిచింది. "నాల ఏం పాపమున్నదో చూపియ్యి తండ్రీ అని అడగని పొద్దు లేదు" అంది. నన్ను తిట్టలేదు. నన్నసలు పట్టించుకోలేదు. దేవుడు తనను వదిలేయలేదన్న సంగతితోనే కాసేపు ఉండిపోయింది.

తర్వాత నావైపు తిరిగింది. "నెత్తురు ఎప్పుడు వడ్డది?"

"నవంబర్ల."

"నాకు గిట్లయింది డిసెంబర్ల." కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. "టైఫాయిడ్ అని చెప్పిననాడే గీ ముచ్చట చెప్తే, నా చెయ్యి మంచిగ ఉంటుండె."

అవునన్నాను.

"సునీతా, గోలీ ఇయ్యి" అంది. కూతురు ఉరికినట్టు లేచి మాత్ర, నీళ్లు తెచ్చింది. మింగి, గుక్క తిప్పుకుని, అక్క మళ్లీ అంది: "నాకు చెప్తివి, సరే. గాడ ఎంతమంది విన్నరు?"

ఆ శనివారం పాస్టర్ గారిని కలిశాను. "నాకు చెప్పారుగా బ్రదర్, చాలు. కొత్త విశ్వాసులున్నారు, తొట్రుపడతారు" అన్నారు. ఆల్రెడీ ఒకామె పడిపోయిందన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు ఆమెన్ అనేముందు డాక్టరేమన్నాడని నేనైనా అడగాల్సింది" అన్నారు. సాక్ష్యాల సమయం ఇచ్చారు.

ఆదివారం లేచి నిలబడ్డాను. వాంతులు, చెత్తడబ్బా, ఫోన్‌లో అబద్ధాలు, నెత్తురు, టైఫాయిడ్, అన్నీ చెప్పాను. రత్నమ్మక్క పేరు ఆమె చెప్పమంటేనే చెప్పాను. "మందు వాడుతున్న వాళ్లకు విశ్వాసం తక్కువ అని నేను మీకు నేర్పిన. అది తప్పు. పూర్ణ హృదయం అన్న. నా హృదయంల సగం మీరు చప్పట్లు కొడతరా లేదా అని చూస్తుండె" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ గారు పాట అందుకున్నారు. కూర్చుంటూ ఆడవాళ్ల వైపు చూశాను. సుహాసిని తలెత్తి నన్నే చూస్తోంది.

రత్నమ్మక్క ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. చెయ్యి రాలేదు, రాదన్నారు. నేను దేవుణ్ణి పూర్తిగా వెంబడించాలనే ఇప్పటికీ కోరుకుంటున్నాను. కానీ ఆ 'పూర్తిగా' అన్న మాట నోటితో అనడానికి భయమేస్తుంది. ఇది చదివే వాళ్లలో ఎవరైనా ఎవరి సాక్ష్యమో విని మందు పక్కన పెట్టి ఉంటే, దయచేసి ఈ రోజే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. సాక్ష్యం చెప్పినవాడు ఇంటికెళ్లి ఏం చేస్తున్నాడో మీకు తెలియదు.

ఆ ఆదివారం బయట చెప్పులేసుకుంటుంటే ఒకాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, నాకంటే పెద్దవాడు. ఏళ్లుగా వెనక బెంచీలో కూర్చుంటాడు, ఆరాధన అయిపోగానే తన ఆటో తీసుకుని వెళ్లిపోతాడు. కాలి బొటనవేలికి మురికి గుడ్డ కట్టి ఉంది.

"అన్నా, నేను గూడ బంద్ చేసిన. షుగర్ గోలీలు. సెప్టెంబర్ సంది."

ఆ గుడ్డ వైపు చూశాను. చీము వాసన వస్తోంది.

"ఎవ్వరికి చెప్పలే" అన్నాడు. చేతులు కట్టుకుని, మేస్త్రీ ముందు కూలీ నిలబడినట్టు నిలబడ్డాడు. "మీరు మళ్ల ఏసుకుంటున్నరంటిరి గద. మరి నేను గూడ ఏసుకోవచ్చా అన్నా?"

నాలుగు నెలలుగా ఆయన నా అనుమతి కోసం చూస్తున్నాడు.

"నన్ను అడగకండన్నా" అన్నాను. "ఆటో తీయండి. ఇప్పుడే దవాఖానకు పోదాం."

సుహాసిని, జెస్సీ కూడా ఎక్కారు. ఏడేళ్లు ఒకే కప్పు కింద ఉపవాసం ఉన్నాం ఆయనా నేనూ. ఆయన పేరేంటో నాకు తెలియదు. దారిలో అడిగాను.